చెయ్యని పరీక్షకు సంతకం పెట్టమంటున్నారు

కాకినాడ నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. వయసు 34, సొంతూరు రాజోలు దగ్గర. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా నాన్నగారు పోయారు. మిగతా రెండేళ్లూ ఫీజు, హాస్టల్ ఖర్చు కట్టింది అమ్మకు తమ్ముడి వరసయ్యే మావయ్య. ఆయనకు కాకినాడలో ఒక చిన్న యూనిట్ ఉంది. నౌకాదళానికి సామాను తయారు చేసే ఒక పెద్ద కంపెనీకి వీళ్లు ఎలక్ట్రానిక్ డబ్బాలు చేసి ఇస్తారు. ఆరేళ్లుగా అక్కడ టెస్టింగ్ అంతా ఈమే చూస్తున్నారు. ఏ పరీక్ష ఎప్పుడు, ఏ ల్యాబులో, ఏ డబ్బా మీద చెయ్యాలో ప్లాన్ రాసేదీ ఈమే, రిపోర్టు కింద సంతకం పెట్టేదీ ఈమే.

ఇప్పుడు 12 డబ్బాల ఆర్డర్ వచ్చింది. మూడు తయారయ్యాయి. ఒక దాని మీద క్వాలిఫికేషన్ పరీక్షలన్నీ (డబ్బా వాడకానికి తట్టుకుంటుందా అని తేల్చేవి) వరసగా చేస్తే 75 రోజులు పడుతుందని ఈమె లెక్క వేశారు. మావయ్య చేతిలో ఉన్నవి 45 రోజులు. అందుకని సాల్ట్ స్ప్రే (ఉప్పునీటి పొగలో ఉంచి చూసేది), బూజు (బూజు పడుతుందేమో చూసేది) పరీక్షలు వదిలేసి మూడేళ్ల కిందటి మోడల్ రిపోర్టునే కొత్త తేదీతో పెట్టమంటున్నారు. "డబ్బా అదే కదమ్మా, ఏం మారిందని?" అంటున్నారట. మారినవి మూడున్నాయని ఈమే రాశారు. మూత సందులో నీరు చొరకుండా వేసే గాస్కెట్ రబ్బరు వేరే చోట కొంటున్నారు, వైర్లు తగిలించే కనెక్టర్ కంపెనీ మారింది, పెయింట్ వేసేవాళ్లూ మారారు. అమ్మతో చెప్పుకుంటే "ఉప్పు తిన్న ఇంటికి ఎదురు తిరుగుతావా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారట. శనివారం సాయంత్రం ఊరికి పోయే బస్సు యానాం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి గుండె దడ మొదలవుతోందని, రెండు నెలలుగా సరిగా నిద్ర లేదని రాశారు. "నేను అతిగా ఆలోచిస్తున్నానా? మానెయ్యమంటారా?" అని అడిగారు.

సమాధానం

అమ్మా, ఆ డబ్బా ఏం చేస్తుందో, ఏ ఓడలోకి పోతుందో మీరు ఎక్కడా రాయలేదు. చాలా మంచి పని చేశారు. ఇకముందు కూడా ఎవరితో చెప్పుకున్నా ఇంతవరకే చెప్పండి. బాధలో ఉన్నప్పుడు స్నేహితులకు డ్రాయింగ్ ఫొటో పంపి "చూడు, ఇదీ సంగతి" అనాలనిపిస్తుంది. అలా పంపితే న్యాయం మీ వైపున్నా తప్పు మీదైపోతుంది.

మీరు అతిగా ఆలోచించడం లేదు. రక్షణ రంగానికి సంబంధించిన చోట పరీక్షల ప్లానింగ్‌లోనే నాకూ పాతికేళ్లు గడిచాయి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాక ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. సాల్ట్ స్ప్రేకి ఎన్ని రోజులు పడుతుంది? అమెరికా సైన్యం పరీక్షలకి పెట్టుకున్న మిల్ స్టాండర్డ్ 810 ప్రకారమైతే 5 శాతం ఉప్పునీటి పొగలో 35 డిగ్రీల దగ్గర ఒక రోజు, ఆరబెట్టి ఒక రోజు, మళ్లీ అలాగే ఇంకోసారి. మొత్తం నాలుగు రోజులు. ముందు వెనక చెకింగ్ కలిపినా వారం దాటదు. 30 రోజులు మిగుల్చుకోవాలనుకునే మనిషి నాలుగు రోజుల పరీక్ష మీద ఇంత పట్టు ఎందుకు పడుతున్నారు?

నాకు తోచింది చెబుతాను, మీరు సరిచూసుకోండి. మీ మావయ్యగారి భయం రోజుల గురించి కాదు, ఫలితం గురించి. పెయింట్ కొత్తవాళ్ల చేత వేయించింది ఆయనే. అది ఉప్పుకి బుడగలు లేచి ఊడిందంటే 12 డబ్బాలూ గీకి మళ్లీ వెయ్యాలి. ఆ ఖర్చు, ఆ మాట ఆయన తట్టుకోలేకపోతున్నారు. దాన్ని "టైం లేదు" అనే మాట వెనక దాచుకున్నారు. మోసం చెయ్యాలన్న బుద్ధితో చేస్తున్నారని నేను అనుకోను. భయపడిన మనిషి ఇలాగే చేస్తాడు. మీరు ఇన్నాళ్లూ ఆయనతో రోజుల గురించి వాదించారు, అందుకే మాట ముందుకు పోలేదు.

కాబట్టి క్వాలిఫికేషన్ సంగతి తర్వాత, ముందు ఆ భయం సంగతి తేల్చండి. డబ్బాకి వాడిన రేకు మీదే, అదే పెయింటర్ చేత వేయించిన నాలుగైదు ముక్కలు తీసుకోండి. ఒక కనెక్టర్ బిగించి, గాస్కెట్ ముక్క ఒకటి పెట్టి, విశాఖలోనో హైదరాబాద్‌లోనో ప్రైవేటు ల్యాబులో సాల్ట్ స్ప్రే చేయించండి. ఎవరూ విట్‌నెస్‌కి రానక్కర్లేదు, రిపోర్టు ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. ఇది మీ కోసం మీరు చేసుకునే పరీక్ష. నిలబడితే మావయ్యగారి భయం పోతుంది, అసలు పరీక్షకు ఆయనే తొందరపెడతారు. నిలబడకపోతే, ఇంకా మూడు డబ్బాలే తయారై ఉన్నాయి, తొమ్మిదింటికి పెయింట్ మార్చుకునే వీలుంది. ల్యాబు బదులు ఉప్పాడ సముద్రపు ఒడ్డున వేలాడదీస్తే చాలదా అని మీ సూపర్‌వైజర్ అన్నారని రాశారు. ఆ గాలికి తుప్పు నిజంగానే పడుతుంది, కిటికీ ఊచలు చూసేవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ నెలలు పడుతుంది. ఈ నెల గాలి వచ్చే నెల ఉండదు కాబట్టి రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టి పోల్చడానికీ పనికిరాదు.

ఇక మీ 75 రోజులు. ఇక్కడ మీ పొరపాటు కూడా ఒకటి ఉంది, చెబుతాను, నొచ్చుకోకండి. ఒకే డబ్బాని అన్ని పరీక్షలకీ తిప్పుతూ ప్లాన్ రాశారు. మిగతా రెండూ డెలివరీకి అట్టేపెట్టమన్నారు కాబట్టి అలా రాసి ఉంటారు. దాంతో బూజు పరీక్ష పట్టే 28 రోజులు గొలుసులో చివర పడ్డాయి. పైగా దాని ముందు సాల్ట్ స్ప్రే పెట్టారు. ఆవకాయలో ఉప్పు తగ్గితే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు, జాడీ మూత తీసేసరికి పైన తెల్లగా బూజు. అదే ఉప్పు సరిపడా ఉంటే ఏడాదైనా పట్టదు. ఉప్పు పొగలో నాలుగు రోజులు నానిన డబ్బా మీద బూజు విత్తనం చల్లి, పెరగలేదు కాబట్టి పాసైందని రాస్తే అది ఆవకాయ పాసైనట్టే. ఆ స్టాండర్డ్‌లోనే ఒకే శాంపిల్ మీద ఉప్పు తర్వాత బూజు పెట్టొద్దని హెచ్చరిక ఉంటుంది. మీ రిపోర్టులు సరిచూసే ఇన్‌స్పెక్షన్ వాళ్లు మొదటి పేజీలోనే దీన్ని పట్టుకుంటారు.

మూడు డబ్బాలనీ పరీక్షకు ఇచ్చెయ్యమని అడగండి. ఒకటి మొదటి రోజే బూజు ఛాంబర్‌లోకి పోతుంది, 28 రోజులు దాని మానాన అది ఉంటుంది. రెండోది వేడి, చలి, వైబ్రేషన్, షాక్ చూసుకుని, కుదుపులకు పెయింట్ ఎక్కడైనా చిట్లిందేమో చూసి, ఆఖరున ఉప్పులోకి. ఓడలోనూ అలాగే జరుగుతుంది, కుదిపాకే ఉప్పుగాలి లోపలికి దారి వెతుక్కుంటుంది. మూడోది పది రోజుల డ్యాంప్ హీట్ (తేమ, వేడి కలిపి పెట్టే పరీక్ష) అయ్యాక, విద్యుత్ తరంగాల అడ్డంకి చూసే ఈఎంఐ ల్యాబుకి. వైబ్రేషన్ టేబుల్ మీద ఉన్నంతసేపూ డబ్బాకి కరెంట్ ఇచ్చి సిగ్నల్ చూస్తూ ఉండండి. వదులైన వైరు ఊగేటప్పుడే తప్పు చెబుతుంది, దించాక చూస్తే మళ్లీ బాగానే ఉంటుంది. ఇలా వేస్తే అన్నిటికన్నా పొడుగైన దారి బూజుదే. తయారీకి నాలుగైదు రోజులు, చివర చెకింగ్, రిపోర్టు కలుపుకుంటే 38 నుంచి 40 రోజులు. మీకున్నవి 45. ఒక్క డబ్బా ఫెయిలై మళ్లీ చెయ్యాల్సి వస్తే ఆ ఐదు రోజులు చాలవు. ఆ మాట కూడా ప్లాన్‌లోనే రాసి పెట్టండి.

దీనికి ఖరీదు ఉంది. ఉప్పులో నానిన డబ్బా, బూజు చల్లిన డబ్బా డెలివరీకి పోవు. అంటే మావయ్యగారు ఇంకో రెండు డబ్బాలు ఎక్కువ చెయ్యాలి. ఆయన బాధ నిజానికి ఇదే అయితే, వదిలెయ్యాల్సిన పరీక్ష వేరే ఉంది. బూజు విషయంలో మీ పాత రిపోర్టు కొంత పనికొస్తుంది. లోపలి బోర్డులు, వైర్లు, వార్నిష్ మారలేదన్నారు. మారిన పెయింట్‌కీ గాస్కెట్ రబ్బరుకీ తయారీదారుల దగ్గర బూజు పట్టదన్న సర్టిఫికెట్ ఉంటే, దాన్ని జోడించి, పాత రిపోర్టుని పాత తేదీతోనే పెట్టి, "ఇవి మారాయి, ఇవి మారలేదు" అని పట్టిక వేసి, ఈ పరీక్ష నుంచి మినహాయింపు ఇవ్వండని ఇన్‌స్పెక్షన్ వాళ్లని అడగవచ్చు. ఇస్తారో లేదో వాళ్ల ఇష్టం. ఇస్తే ఒక డబ్బా, 28 రోజులు రెండూ మిగులుతాయి. ఉప్పు విషయంలో మాత్రం ఆ దారి లేదు. ఉప్పుని ఆపేది గాస్కెట్టూ కనెక్టరూ పెయింటే, మారినవీ ఆ మూడే. పైకి డబ్బా అదే, ఉప్పుకి మాత్రం అది కొత్త డబ్బా.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో ఎనిమిదో ఏట నేనూ ఇలాంటి ప్లానే రాశాను. పై అధికారి ఒకరు డ్యాంప్ హీట్ పది రోజులని మూడు రోజులు చెయ్యమన్నారు, పాత మోడల్ నిలబడిందిగా అన్నారు. నేను "తగ్గించాం" అని ఎక్కడా రాయలేదు. మూడు రోజులు చేసి "డ్యాంప్ హీట్: పూర్తయింది" అని రాశాను. ఏడు నెలలకి ఆ పరికరం వెనక్కి వచ్చింది. బల్ల మీద పెట్టి నాలుగు స్క్రూలు విప్పాం. మూత మూల నుంచి చెంచాడు నీళ్లు కారాయి. కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుము, గోటితో గీకితే పొడి రాలింది. గాస్కెట్ ఒక మూల నలిగి దారంలా అయిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, పరికరం పనిచెయ్యక పక్కన పెట్టారంతే. అయినా ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. మూడు రోజులే చేశామని రాసి ఉంటే దాన్ని ఓడ మీద పెట్టే ముందు ఎవరో ఒకరు "మిగతా ఏడు రోజులు చెయ్యండి" అనేవారు, లేదా దానికి మూతలో ఇంకో సీలు వేసేవారు. "పూర్తయింది" అన్న నా ఒక్క మాట ఆ అవకాశాన్ని వాళ్ల దగ్గర నుంచి లాగేసుకుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జలాంతర్గాములు వాడిన మార్క్ 14 టార్పెడో గురించి మీ మావయ్యగారికి చెప్పండి. సామాను చేసే మనిషి కాబట్టి ఇట్టే అర్థం చేసుకుంటారు. ఒక్కొక్కటీ దాదాపు పది వేల డాలర్లు. అంత ఖరీదైనదాన్ని పేల్చి చూడటమెందుకని శాంతికాలంలో తేలికైన డమ్మీ తలలు పెట్టి పరీక్షించారు. యుద్ధం వచ్చింది. గురి తప్పకుండా కొట్టినా ఓడలు మునగవు. కెప్టెన్లు మొరపెట్టుకుంటే, తయారు చేయించినవాళ్లు "టార్పెడో బాగానే ఉంది, మీ గురే బాలేదు" అన్నారు. చివరికి 1942 జూన్‌లో ఆస్ట్రేలియా ఒడ్డున చార్లెస్ లాక్‌వుడ్ అనే నౌకాదళ అధికారి చేపల వల ఒకటి కొనిపించి నీళ్లలో వేలాడదీయించాడు. పది అడుగుల లోతుకు సెట్ చేసిన టార్పెడోని దాని మీదకి వదిలారు. వలకి చిల్లు 25 అడుగుల దగ్గర పడింది. ఇంత గొడవా తేల్చింది ఒక చేపల వల. మన దగ్గర ఏ రేవులోనైనా దొరికే వల. లోతు సరిచేశాక అయస్కాంతంతో పేలే ఏర్పాటులో తప్పు బయటపడింది. అది ఆపేశాక, ఓడని సూటిగా గుద్దితే పిన్ను వంగి పేలడం లేదని తెలిసింది. ఒక తప్పు వెనక ఇంకొకటి దాక్కుంది. అన్నీ సరయ్యేసరికి 1943 దాదాపు గడిచిపోయింది. అప్పటిదాకా ఆ టార్పెడోల్ని నమ్ముకుని సముద్రంలోకి వెళ్లినవాళ్లు వెళుతూనే ఉన్నారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. పాత రిపోర్టుకి కొత్త తేదీ వేసి సంతకం పెట్టడం ఒకటి. పెడితే ఇంట్లో ఈ నెల ప్రశాంతంగా ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ ల్యాబులో ఛాంబర్‌కి లాగ్‌బుక్ ఉంటుంది. ఏ రోజు ఎవరి డబ్బా లోపల ఉందో అందులో ఉంటుంది. పరికరం చెడిపోయి ఆరా మొదలైన రోజు మొదట తీసే పుస్తకం అదే. అప్పుడు మావయ్యగారికి వచ్చే ఆర్డర్లు ఆగిపోవచ్చు, కేసు పడవచ్చు, కాగితం మీద పేరు మీది. ఇదంతా జరక్కపోయినా, ఆ డబ్బా పక్కన సముద్రం మీద ఎవరో ఒకరు డ్యూటీ చేస్తుంటారు. ఈ దారి తొక్కమని నేను చెప్పలేను.

సంతకం పెట్టనని ఆఫీసులో కచ్చితంగా చెప్పడం ఇంకొకటి. మీకు ఆ హక్కు ఉంది. అయితే పనివాళ్ల ముందు చెబితే ఆయన పరువు అడ్డొస్తుంది, ఇంకొకరి చేత సంతకం పెట్టిస్తారు. మీ చేతులు శుభ్రంగా ఉంటాయి గానీ డబ్బా అలాగే పోతుంది. మానేసినా అంతే. పైగా ఆరేళ్ల అనుభవం ఉన్న మనిషి పోయాక ఆ కుర్చీలో "సరేనండి" అనేవాళ్లే కూర్చుంటారు. మానెయ్యడం ఎప్పటికీ వద్దని కాదు. మాట్లాడి చూశాక కూడా తప్పుడు కాగితం మీదే పని నడుస్తుందని తేలితే మానెయ్యండి, అప్పుడు వెనక్కి చూడకండి. ఈ అనుభవానికి విశాఖలో, హైదరాబాద్‌లో పని దొరుకుతుంది. అప్పటికి ప్లాన్ మీద మీ సంతకం ఉండి, పరీక్షలు జరగలేదని మీకు తెలిసి ఉంటే, ఆ సంగతి కొనుగోలు కంపెనీ క్వాలిటీ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పాల్సి రావచ్చు. ఆ కష్టం ఎంతటిదో నాకు తెలుసు. మావయ్యతో రాకపోకలు తెగిపోవచ్చు, అమ్మ కొన్నాళ్లు మీతో మాట్లాడకపోవచ్చు. అందుకే అక్కడిదాకా పోకముందే చెయ్యగలిగినవన్నీ ఇప్పుడే చెయ్యమంటున్నాను.

నాకు మంచిదనిపించే దారి మధ్యలో ఉంది. ప్లాన్‌లో ఏం తగ్గించమని అడిగినా తప్పు లేదు, పరీక్షలు మొదలవకముందు, రాతపూర్వకంగా, ఒప్పుకోవాల్సిన వాళ్ల చేత ఒప్పించుకుంటే చాలు. గడువు పెంచమని అడగవచ్చు. మొదటి ఆరు డబ్బాలు ఇచ్చి, ఉప్పు ఫలితం వచ్చాక మిగతా ఆరూ ఇస్తామనవచ్చు. అలాంటి అడుగులు ఈ పనిలో రోజూ ఉండేవే, వాటికి, ఒప్పుకున్నదానికి తేడాగా చెయ్యడానికి అనుమతి అడిగే డీవియేషన్ కాగితాలే ఉన్నాయి. చిన్న యూనిట్ వాళ్లు అడగడానికి భయపడతారు, అడిగితే ఆర్డరే పోతుందనుకుంటారు. కొన్నిసార్లు విసుక్కుంటారు, ఒక్కోసారి జరిమానా కూడా వేస్తారు. లేటుకి పడే జరిమానా మాత్రం ముందే లెక్కేసుకోగలిగిన ఖర్చు.

ఆదివారం మావయ్యగారింటికి వెళ్లండి. ఆఫీసు ఫైలు వద్దు. ఒక తెల్ల కాగితం మీద మూడు డబ్బాలు, 45 రోజులు గీసుకుని వెళ్లండి. అత్తయ్య కూడా అక్కడుంటే మంచిదే. "మావయ్యా, మీరు చదివించబట్టే ఈ కాగితం రాయగలిగాను" అని మొదలుపెట్టండి, అది నిజం కూడా. తర్వాత పెయింట్ సంగతి సూటిగా అడగండి. "మీకూ దాని మీద అనుమానం ఉందా మావయ్యా?" అని. సమాధానం చెప్పడానికి ఆయనకి కాస్త టైం ఇవ్వండి, మధ్యలో మాట్లాడకండి. ఉందని ఒప్పుకుంటే సగం పని అయినట్టే, ఆ నాలుగు ముక్కల పరీక్ష సంగతి అప్పుడు చెప్పండి. లేదని కోప్పడితే "అయితే ముక్కలతో చూసేద్దాం, నాలుగు రోజులేగా" అనండి. ఆ మాటకి కాదనడం ఎవరికైనా కష్టం.

అమ్మగారి మాట గురించి. వరద రోజుల్లో రాత్రిళ్లు లాంతరు పట్టుకుని ఏటిగట్టు మీద తిరిగే మనుషుల్ని ఆవిడ చూసే ఉంటారు. గట్టులో ఎక్కడో కలుగు ఉందని, నీరు చెమరుస్తోందని అరిచినవాణ్ణి ఊరికి ఎదురు తిరిగాడని ఎవరూ అనరు, గోనెసంచులు పట్టుకుని అటు పరుగెడతారు. మావయ్య ఉప్పు తిన్నారు కాబట్టే ఆయన గట్టులో కలుగు మీరు ముందు చూపిస్తున్నారని అమ్మకి చెప్పండి. ఒక్కసారికి ఒప్పుకోకపోవచ్చు. మావయ్యగారితో మాట్లాడిన తర్వాతే చెప్పండి, ముందు చెబితే ఆవిడ ఆయనకి ఫోన్ చేసేస్తారు.

నిద్ర గురించి ఒక మాట. రెండు నెలలు తక్కువ కాదు. గుండె దడ అంటున్నారు కాబట్టి టెన్షన్ అని మీరే తేల్చేసుకోకుండా ఈ వారం డాక్టరుకి చూపించుకోండి. ఈ గొడవ తేలేదాకా వాయిదా వెయ్యకండి.

సోమవారం పొద్దున్నే బూజు ఛాంబర్‌కీ, సాల్ట్ స్ప్రేకీ స్లాట్ ఎప్పుడుందో ల్యాబుకి ఫోన్ చేసి అడిగి పెట్టుకోండి. ఇంట్లో మాట కుదిరినా ల్యాబులో ఖాళీ లేకపోతే మీ 40 రోజుల లెక్క మొత్తం మారిపోతుంది. ముక్కల పరీక్ష ఫలితం వచ్చాక నాకు రాయండి. డబ్బా సంగతి ఏమీ వద్దు, పెయింట్ నిలబడిందా లేదా అన్నది చాలు.